కుండీలో మిరప: గింజ నుంచి ఎండు కాయ దాకా

మిరప పెంచడానికి తోట అక్కర్లేదు. రోజుకు ఆరు గంటలు ఎండ పడే చోటు, అడుగున చిల్లులున్న కుండీ, పొద్దున్నే ఓ ఐదు నిమిషాలు చిగురు వైపు చూసే ఓపిక ఉంటే చాలు. మూడోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మట్టి ఏం వాడాలని అడుగుతారు, ఎరువు ఎంత వెయ్యాలని అడుగుతారు, చిగురు సంగతి ఎవరూ ఎత్తరు. మిరపకు వచ్చే చాలా కష్టాలు ముందుగా బయటపడేది అప్పుడే విచ్చుకుంటున్న ఆ నాలుగు లేత ఆకుల్లోనే. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునే అలవాటు నాకు మొక్కల దగ్గర బాగా కలిసొచ్చింది. అందుకే నేను చెప్పే పద్ధతిలో చేసే పని తక్కువ, చూసే పని ఎక్కువ. చాదస్తం అనుకున్నా ఫరవాలేదు.

గింజ

ముందు రకం తేల్చుకోండి. ఎంత కాలం కాచుకు కూర్చోవాలో దాన్నిబట్టే ఉంటుంది. సన్నగా పొడుగ్గా కాసేవి, కండపట్టి లావుగా ఉండేవి, అసలు కారమే లేని క్యాప్సికం, ఇవన్నీ చాలావరకు యాన్యువమ్ అనే ఒకే జాతికి చెందినవి. వెచ్చగా ఉంటే వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. హబనేరో లాంటి మంట కాయలు చైనెన్స్ అనే వేరే జాతివి. వాటి గింజ కదలడానికే మూడు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెల దాటుతుంది. చచ్చిపోయిందనుకుని మట్టి పారబోసేది సరిగ్గా అప్పుడే. మొదటిసారి పెంచేవాళ్లు యాన్యువమ్ రకంతో మొదలుపెట్టడం మంచిది. కారం పందేలు తర్వాత వేసుకోవచ్చు.

గింజ తీసే కాయ చెట్టు మీదే పూర్తిగా పండి ఉండాలి. పచ్చి కాయలో గింజ ముదరదు, మొలిచినా మొలక బలంగా ఉండదు. పండిన కాయను చీల్చి గింజలు తీసి, నీడలో వారం రోజులు ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, గాలి చొరని డబ్బాలో చల్లని చోట దాచితే రెండు మూడేళ్లు బాగా మొలుస్తాయి. ఆ తర్వాత మొలిచేవి ఏటికేడు తగ్గుతాయి. ఎండుమిరపకాయల్లోంచి రాలిన గింజలు కూడా మొలుస్తాయి, ఆ కాయల్ని మరీ వేడి మీద ఎండబెట్టి ఉండకపోతే. హైబ్రిడ్ కాయ గింజ వేస్తే మాత్రం మొక్కొస్తుంది గానీ అదే కాయ రాదు. పొట్టివీ పొడుగువీ, కారంవీ చప్పనివీ కలగాపులగంగా వస్తాయి. వేడుకకైతే వెయ్యండి, నమ్మకం పెట్టుకోకండి.

నీళ్లలో వేసి తేలినవన్నీ తాలు గింజలని పారేసే పద్ధతి ఒకటుంది. మిరపకు అది పనికిరాదు. ఈ గింజ పల్చన, తేలిక. బాగా ఆరిన మంచి గింజ కూడా మొదట తేలుతుంది. రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి, పొద్దున తేలేవీ మునిగేవీ అన్నీ కలిపే విత్తండి. నల్లబడినవి, ముడుచుకుపోయినవి తీసేస్తే సరిపోతుంది.

నారు

నారుకు బలమైన మట్టి అక్కర్లేదు, గుల్లగా ఉండాలి అంతే. కొబ్బరి పీచు పొట్టు రెండు పాళ్లు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక పాలు నాకు బాగా కుదిరిన కలగలుపు. పీచు పొట్టును ముందు రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండెయ్యండి, అందులో ఉప్పు ఉంటుంది. అది పోకపోతే లేత ఆకుల కొనలు మాడతాయి. అరచేత్తో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే కారాలి. అంతకు మించి కారితే తేమ ఎక్కువైనట్టు.

అర సెంటీమీటరు లోతులో గింజ పెట్టి పైన పల్చగా కప్పండి. గింజకీ గింజకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి. ట్రే మీద పల్చని ప్లాస్టిక్ కాగితమో, పారదర్శకమైన మూతో కప్పి వెచ్చగా ఉండే చోట పెట్టండి. మొలవడానికి కావలసింది వెలుతురు కాదు, వేడి. 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే గింజ ఉత్సాహంగా లేస్తుంది, 20కి తగ్గితే బద్ధకిస్తుంది, 15కి దిగితే దాదాపు కదలదు. చలి రోజుల్లో ఫ్రిజ్ మీదో, ఇంటర్నెట్ రౌటర్ పక్కనో పెడితే ఆ కాస్త వెచ్చదనం సరిపోతుంది.

ఒక్క మొలక కనబడగానే మూత తీసెయ్యాలి. మిగతావి కూడా రానీ అని ఆగకండి. మూత కింద ఉక్కపోతలో నారుకుళ్లు మొదలవుతుంది. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక, పొద్దుటికి మట్టి దగ్గర కాడ దారంలా సన్నబడి ఒరిగిపోయి ఉంటుంది. పడిపోయిన మొలకకు మందు లేదు, దాన్ని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసెయ్యడమే. రాకుండా చూడటం మాత్రం తేలిక. పైనుంచి నీళ్లు పొయ్యకుండా ట్రేని నీళ్ల పళ్లెంలో పది నిమిషాలు పెట్టి తీయండి, అడుగు నుంచి తడి పీలుస్తుంది. పైపొర ఆరుతూ ఉండాలి. గాలి ఆడాలి. నారు మట్టిలో ముందే ట్రైకోడెర్మా (కుళ్లు తెచ్చే శిలీంధ్రాల్ని అణచే మేలు శిలీంధ్రం) పొడి చిటికెడు కలిపితే ఇంకా నయం.

కొన్ని మొలకలు గింజ పొట్టును నెత్తిన పెట్టుకునే పైకొస్తాయి. గోరుతో లాగితే పొట్టుతో పాటు ఆకులూ ఊడొస్తాయి. ఒక చుక్క నీరు వేసి రెండు మూడు గంటలు నాననివ్వండి. చాలావరకు అదే జారిపోతుంది. పోకపోతే మరో చుక్క.

మొలిచిన తర్వాత కథ తిరగబడుతుంది, ఇప్పుడు వేడికన్నా వెలుతురే ముఖ్యం. కాడ సన్నగా, పాలిపోయి, సాగి, కిటికీ వైపు వంగుతుంటే వెలుతురు చాలట్లేదని అర్థం. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచండి. ఎండ పడని ఇంట్లో ఉండేవాళ్లు తెల్లని ఎల్ఈడీ లైటును మొక్కల మీద జానెడు ఎత్తులో వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగిస్తే నారు గట్టిగా వస్తుంది. మిగతా సమయం చీకటి ఉండనివ్వండి. ఇరవైనాలుగు గంటలూ వెలిగిస్తే మొక్క రెట్టింపు పెరుగుతుందనుకోవడం భ్రమ.

మొదట వచ్చే నున్నని రెండు ఆకులు గింజలోవి. ఆ తర్వాత వచ్చేవే అసలు ఆకులు. అవి రెండు జతలు వచ్చేదాకా ఎరువు ఊసే వద్దు. అప్పుడు ఒక్కో మొక్కనూ చిన్న గ్లాసంత కుండీలోకి మార్చండి. కాడను పట్టుకోకుండా ఆకును పట్టుకుని ఎత్తాలి. ఆకు చిరిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది.

పెద్ద కుండీలోకి

విత్తిన ఆరు వారాలకు అటూ ఇటూగా, ఐదారు అసలు ఆకులతో జానెడు ఎత్తుకొచ్చి, కుండీ అడుగు చిల్లుల్లో తెల్లని వేళ్లు కనబడుతుంటే నాటే వేళ అయినట్టు. దానికి ముందు వారం రోజులు మొక్కల్ని బయటి గాలికి, ఎండకి మెల్లగా అలవాటు చెయ్యాలి. మొదటి రోజు ఓ గంట, తర్వాత రెండు, అలా. నీడలో పెరిగిన ఆకును ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే తెల్లగా బొబ్బలెక్కి కాగితంలా ఎండిపోతుంది.

ఒక మొక్కకు 10 నుంచి 15 లీటర్ల కుండీ కావాలి. 5 లీటర్ల దాంట్లో కూడా బతుకుతుంది, కాస్తుంది, కానీ వేసవిలో రోజుకు రెండుసార్లు నీళ్లు పొయ్యాల్సి వస్తుంది. ఒకే కుండీలో రెండు మొక్కలు పెట్టాలన్న ఆశ వదులుకోండి. రెండూ సగం సగం పెరుగుతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండకు బాగా వేడెక్కుతుంది, అంచు దగ్గరి వేళ్లు ఉడికిపోతాయి. అదే ఉంటే చుట్టూ తెల్ల గుడ్డో, గోనె ముక్కో చుట్టండి.

మట్టి విషయంలో నాకు పెద్ద పట్టింపుల్లేవు. మామూలు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, పీచు పొట్టు లేదా ముతక ఇసుక సమపాళ్లలో కలిపితే చాలు. కాస్త ఆమ్లం వైపు ఉన్న మట్టి, అంటే పీహెచ్ 6 నుంచి 6.8 దాకా, మిరపకు నచ్చుతుంది. ఎరువు మాగకపోతే మాత్రం కుండీలో వేడి పుట్టి వేళ్లను కాలుస్తుంది, వాసన చూడండి. మట్టి వాసన వస్తే మాగినట్టు, ఘాటు కొడితే ఇంకా ఆగాలి.

నాటడం సాయంత్రం పూట. మొక్క ముందు ఎంత లోతులో ఉందో అంతే లోతులో, లేదా ఒక అంగుళం కిందికి. ఊతకర్ర కూడా అప్పుడే గుచ్చెయ్యండి. తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. మిరప కొమ్మ చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గానీ, కాయల బరువుకి పంగ దగ్గర ఫట్మని చీలుతుంది.

నీళ్లు

పొద్దున నీళ్లు, సాయంత్రం నీళ్లు అని గంట కొట్టినట్టు పోసే వాళ్ల మొక్కలే ఎక్కువ పోతాయి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దింపండి. తడి తగిలితే ఆ రోజుకు వద్దు. పొడిగా ఉంటే అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోసి, మళ్లీ ఆరేదాకా ఆపండి. పైపైన కప్పుడు కప్పుడు పోస్తే వేళ్లు పైనే తిరుగుతాయి, లోపల మట్టి రాయిలా మారుతుంది.

మధ్యాహ్నం ఎండకి ఆకులు వేలాడినంత మాత్రాన దాహం అనుకోకండి. మట్టి తడిగా ఉండి కూడా వాడితే అది ఎండ తాపం, సాయంత్రానికి తేరుకుంటుంది. సాయంత్రమైనా తేరుకోకుండా, మట్టి తడిగానే ఉంటే వేరు కుళ్లుతోందేమో చూడాలి. ఈ రెంటికీ తేడా తెలియక వాడిన మొక్కకు మళ్లీ మళ్లీ నీళ్లు పోసి చంపుతారు. ఇంకో గుర్తు: ఆకు అడుగున మెరిసే చిన్న చిన్న పలుకులు కనబడితే పురుగు గుడ్లని హడావుడి పడకండి. తేమ ఎక్కువై, ఆవిరి కాలేక ఆకు బయటికి తోసేసినవి కావచ్చు. కదలకుండా ఉండి, తడి గుడ్డతో తుడిస్తే పోతే అదే. నీళ్లు తగ్గిస్తే సర్దుకుంటుంది.

మట్టి మీద ఎండాకులు రెండంగుళాల మందాన కప్పితే తేమ నిలుస్తుంది. కాడకు మాత్రం ఆనించకూడదు.

ఎరువు, కత్తిరింపు

మొక్క పెరిగే దశలో నత్రజని, పూత దశ నుంచి పొటాష్. దీని చుట్టూ ఎన్ని పాఠాలు చెప్పినా సారం ఇంతే. నాటిన మూడు వారాల నుంచి రెండు మూడు వారాలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు పైమట్టిలో కలిపి తడపండి. రసాయన ఎరువు వాడే వాళ్లు 19:19:19ని (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్నది) లీటరు నీటికి 1 నుంచి 2 గ్రాములు కలిపి పదిహేను రోజులకోసారి పొయ్యొచ్చు. మొగ్గ కనబడ్డాక పొటాష్ ఎక్కువున్న 13:0:45కి మారాలి. చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టడం మంచిది. కుండీలో ఎక్కువైన ఎరువు ఉప్పులా పేరుకుంటుంది. చెట్టు నల్లగా నిగనిగలాడుతూ గుబురుగా పెరిగి, ఒక్క పువ్వూ వెయ్యకుండా ఉంటే నత్రజని ఎక్కువైనట్టు. ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు, కాయ ఉండదు.

ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య పసుపు తిరుగుతుంటే మెగ్నీషియం లోటు. ఎప్సమ్ సాల్ట్ లీటరుకు ఒక చిన్న చెంచా కలిపి ఆకుల మీద చల్లితే తేరుకుంటుంది. కాల్షియం కోసం వేసే కోడిగుడ్డు పెంకుల్ని మాత్రం ఈ వారానికి మందుగా నమ్ముకోవద్దు. అవి మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది.

ఎనిమిది పది అంగుళాల ఎత్తులో తల తుంచితే పక్క కొమ్మలొచ్చి గుబురవుతుంది. చెయ్యాలా వద్దా అని నన్నడిగితే, సన్నగా సాగిన మొక్కకు చెయ్యండి, బలంగా ఉన్నదాన్ని వదిలెయ్యండి. మిరప తనంతట తానే ఒక ఎత్తుకు వచ్చాక రెండుగా చీలుతుంది. ఆ పంగలో ఒక పువ్వు పూస్తుంది. ఆ మొదటి పువ్వును మాత్రం గిల్లేస్తాను. అది కాయయితే చిన్న మొక్క బలమంతా దానికే పోతుంది. పంగ కింద, కాడ మొదట్లో వచ్చే పిలకల్ని తీసేస్తే గాలి ఆడుతుంది. కణుపుల దగ్గర ఊదారంగు చారలు కనబడితే తెగులు కాదు, చాలా రకాల్లో అది సహజం.

ముడత

మిరప పెంచేవాళ్లకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. అన్ని ముడతలూ ఒకటి కావు. అన్నింటికీ ఒకే మందు కొట్టి, పని చెయ్యలేదని మొక్క పీకేసేవాళ్లు ఎక్కువ. అంచులు ఎటు తిరిగాయో ముందు చూడండి.

ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడుచుకుంటే పై ముడత, తామర పురుగుల పని. చిగురును తెల్ల కాగితం మీద తట్టండి, సన్నని గీతల్లాంటి పసుపు పురుగులు రాలి పాకుతాయి. పువ్వుల్లో కూడా దాక్కుంటాయి. ఆకు అడుగున వెండిలా మెరిసే మరకలు ఉంటాయి.

అంచులు కిందికి తిరిగి, ఆకు సన్నగా, పొడుగ్గా, ముదురు పచ్చగా, గట్టిగా తయారైతే కింది ముడత. ఇది తెల్లనల్లి. మామూలు కంటికి కనబడదు, పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో చిగురాకు అడుగున ఈనె పక్కన వెతికితే కదిలే చుక్కల్లా తెలుస్తాయి. ఇరవై ఇంతలదైతే స్పష్టంగా కనిపిస్తాయి. ఇంట్లో మిరప పెంచేవాళ్లు కొనదగిన పరికరం ఒక్కటే ఉందంటే అది ఈ భూతద్దమే. కత్తెర వంటింట్లో దొరుకుతుంది.

తామర పురుగుకు వేపనూనె. లీటరు గోరువెచ్చని నీటిలో 5 మిల్లీలీటర్ల నూనె, కొన్ని చుక్కల ద్రవసబ్బు వేసి తెల్లగా కలిసేదాకా గిలకొట్టి, ఎండ దిగాక ఆకు అడుగు భాగం తడిసేలా చల్లాలి. ఐదారు రోజులకోసారి, కనీసం మూడు సార్లు. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే గుడ్ల నుంచి, మట్టి లోంచి కొత్త తరం వస్తుంది. పక్కన నీలం రంగు జిగురు అట్ట వేలాడదీస్తే ఎగిరేవి అంటుకుంటాయి. నల్లికి నీళ్లలో కరిగే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు బాగా పనిచేస్తుంది. కానీ వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు. 32 డిగ్రీలు దాటే ఎండలోనూ వద్దు, ఆకు మాడిపోతుంది. ఏది కొట్టినా ముందు బాగా ముడుచుకున్న కొసల్ని తుంచి కవర్లో మూటగట్టి పారెయ్యండి. ముడుచుకున్న ఆకు మళ్లీ విచ్చుకోదు. మందు పనిచేసిందా లేదా అన్నది దాని తర్వాత వచ్చే ఆకును చూసి తేల్చుకోవాలి.

ముడతతో పాటు ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, కణుపులు దగ్గరైపోయి, మొక్క గిడసబారితే తెల్లదోమ తెచ్చిపెట్టే జెమినీ వైరస్ అయ్యుండొచ్చు. దీనికి మందు లేదు. మనసు చంపుకుని ఆ మొక్కను పీకెయ్యండి, పక్కవాటిని కాపాడుకోండి. పసుపు జిగురు అట్టలు తెల్లదోమకే. సిగరెట్టో, పొగాకో ముట్టిన చేత్తో మొక్కను తాకొద్దు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ మిరపకు కూడా అంటుతుంది. సబ్బుతో చేతులు కడుక్కుని రండి.

పేనుబంక వీటితో పోలిస్తే పసిపిల్ల. చీమలు బారులు కట్టి మొక్క ఎక్కుతున్నాయంటే అది వచ్చినట్టే, అది కార్చే తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి. నీళ్ల జల్లు గట్టిగా కొట్టి కడిగెయ్యండి, చీమల దారి ఆపండి.

పూత, కాయ

నాటిన నలభై యాభై రోజులకు తెల్లని పూలు తలలు వేలాడేసి వస్తాయి. మిరప పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి, తేనెటీగ రాకపోయినా పిందె కడుతుంది. గాలి ఆడని వరండాలోనో, ఇంటి లోపలో ఉన్నవాటిని పొద్దున పది గంటల వేళ కొమ్మ మీద వేలితో మెల్లగా తడితే పుప్పొడి రాలి పని సులువవుతుంది.

పూత రాలిందని అందరూ మందు అడుగుతారు. ముందు థర్మామీటరు చూడండి. పగలు 35 దాటినా, రాత్రి 24కి దిగకపోయినా, అటు చలికి 13 కంటే తగ్గినా పువ్వు నిలవదు. ఆ రోజుల్లో మధ్యాహ్నం నీడ కల్పించి, నీళ్లు ఒడిదుడుకులు లేకుండా ఇస్తూ వాతావరణం మారేదాకా ఆగడమే. ఒకరోజు బెట్ట, ఒకరోజు వరద పెట్టినా పూత రాలుతుంది. కాయ కొన దగ్గర గోధుమరంగులో గుంటపడి మెత్తబడేది కూడా ఎక్కువగా ఇందువల్లే. మట్టిలో కాల్షియం ఉన్నా, నీటి తడి నిలకడగా లేక కొన దాకా చేరదు. ఎండ తగిలే పక్కన తెల్లగా పల్చబడితే అది వేరు, ఎండదెబ్బ. ఆకులు మరీ ఎక్కువ కత్తిరించిన చెట్టుకు వస్తుంది. పచ్చి కాయ గట్టిగానే ఉండి, గుంటపడకుండా నల్లని, ఊదా ఛాయ తిరిగితే చాలావరకు పండబోతోందని సంతోషించండి.

పువ్వు నుంచి పచ్చి కాయ ముదరడానికి నెల, పండడానికి మరో రెండు మూడు వారాలు పడుతుంది. పచ్చి కాయ కావాలంటే గట్టిగా, నిగారింపుతో ఉన్నప్పుడు కొయ్యండి. లాగకండి, తొడిమతో సహా కత్తెరతో కత్తిరించండి. లాగితే పైన ఉన్న పూత కొమ్మే చేతికొస్తుంది. ముదిరినవి కోస్తూ ఉంటేనే చెట్టు కొత్త పూత వేస్తుంది. చెట్టు నిండా పండ్లు ఎర్రగా ఉంచి ముచ్చట పడితే, తన పని అయిపోయిందనుకుని పూత తగ్గించేస్తుంది. పండు కాయలు కావాలనుకునేవాళ్లు ఒక మొక్కను దానికే వదిలి, మిగతావి పచ్చిగా కొయ్యడం నయం.

విత్తనానికి దాచుకోవాలంటే, రెండు మూడు రకాలు పక్కపక్కన ఉన్నప్పుడు తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. మొగ్గ విచ్చకముందే కొమ్మకు పల్చని గుడ్డ సంచి కట్టి, పిందె కట్టాక సంచి విప్పి ఆ కాయ తొడిమకు దారం కట్టండి. గుర్తుంటుందిలే అనుకోవద్దు, గుర్తుండదు.

కోతలు తగ్గి, చెట్టు అలసినట్టు కనిపించినా పీకెయ్యకండి. మిరప ఒక్క ఏడాది మొక్క కాదు, మంచు తగలకపోతే కొన్నేళ్లు బతుకుతుంది. పంగ పైన ఒక్కో కొమ్మకు రెండు మూడు కణుపులు ఉంచి మిగతాది కత్తిరించి, పైమట్టి రెండంగుళాలు తీసి కొత్త ఎరువు వేస్తే మళ్లీ చిగురిస్తుంది. వేళ్లు అప్పటికే ఉంటాయి కాబట్టి రెండో ఏడు కాపు తొందరగా మొదలవుతుంది.

ఎండబెట్టడం

కారం గింజలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. కారాన్నిచ్చే కాప్సైసిన్ అనే పదార్థం తయారయ్యేది గింజలు అతుక్కుని ఉండే ఆ తెల్లని కండలో. గింజకు అది అంటుకుంటుంది అంతే. కాయలు చీల్చేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. అంటిందా, నీళ్లతో కడిగితే పోదు, అది నూనెలో కరిగే పదార్థం. ముందు వంటనూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పెట్టుకునే కాంటాక్ట్ లెన్సుల జోలికి ఆ రోజంతా పోకండి.

ఎండబెట్టే కాయ పూర్తిగా ఎర్రబడి, చెట్టు మీదే కాస్త వడలి ఉంటే మేలు. కోసిన వెంటనే ఎండలో పడెయ్యకుండా రెండు రోజులు నీడలో కుప్పగా ఉంచితే అక్కడక్కడా మిగిలిన పచ్చరంగు కూడా తిరుగుతుంది. తర్వాత గుడ్డ మీద పల్చగా పరిచి, రోజుకు రెండు మూడుసార్లు తిప్పుతూ, సాయంత్రం మంచు పడకుండా లోపలికి తీస్తూ ఎండబెట్టండి. లావు కాయల్ని నిలువుగా చీరితే తొందరగా ఆరతాయి. చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలలాడాలి, వంచితే తొడిమ దగ్గర కూడా మెత్తదనం ఉండకూడదు. అక్కడ తడి మిగిలితే డబ్బాలో బూజు పడుతుంది. ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి, ఎంత వేయించినా, ఉడికించినా అది పోదు. కడిగి వాడదాం, మళ్లీ ఎండబెడదాం అనే పొదుపు ఇక్కడ పనికిరాదు. ఒక కాయలో బూజు కనిపిస్తే పక్కనున్న కాయల్ని విరిచి లోపల చూడండి, అనుమానం ఉన్నవన్నీ పారెయ్యండి.

బాగా ఎండిన వాటిని వేడి చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడిగా మూత బిగిస్తే లోపల చెమ్మ పడుతుంది. వెలుతురు తగలని చోట ఉంచితే రంగు నిలుస్తుంది. పొడి కావాలంటే కావలసినప్పుడు కావలసినంతే కొట్టుకోండి. మిక్సీ ఆపాక మూత వెంటనే తీయకుండా పొడి అణిగేదాకా ఐదు నిమిషాలు ఆగండి, కిటికీ తెరిచి ఉంచండి, మొహం పక్కకు తిప్పుకుని తీయండి.